కట్టె మోసిన ఇల్లు

మూడు రోజుల ముసురుకు గౌలిపురలో కాశమ్మ ఇంటి వెనక గోడ కూలింది. ఆ గోడకు ఆనుకుని ఇంట్లోనే ఉన్న కొట్టంలోని బర్రెలు తాళ్లు తెంపుకొని బయటపడ్డాయి. మనుషులకు దెబ్బలు తగల్లేదు. మర్నాడే మున్సిపాలిటీ ఇంజనీరు రఘురామ్ వచ్చి, ఇల్లు కూల్చాలని తలుపుకు నోటీసు అంటించి పోయాడు. తాతల నాటి టేకు కదా, కట్టె అయినా దక్కించుకుందామని కాశమ్మ వడ్రంగి ఇస్సాకును పిలిపించింది.

ఇస్సాకు లోపలికి వచ్చి తలెత్తి చూశాడు. గోడ పోయిన మేర ఆకాశం కనిపిస్తున్నది. పైనున్న మేడ మాత్రం బెత్తెడైనా జారలేదు. పన్నెండు గుంజలు, వాటి తలల మీద దూలాలు. ఎక్కడా ఇనుప మేకు లేదు. గుంజ తలను దూలానికి తొలిచిన తొర్రలో దూర్చి, అడ్డంగా కర్ర చీల కొట్టారు ఆ కాలపువాళ్లు.

"అక్కా, గీ ఇంటిని గోడలు మోస్తలేవు. బరువంత కట్టె మీదనే ఉన్నది. మట్టిగోడ ఎండకు వానకు అడ్డం, గంతే."

"గట్లయితే గా ఇంజనీరు సారుకు చెప్పు తమ్మీ."

ఇస్సాకు గుంజను తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పదిహేనేళ్ల కింద పురానాపూల్ దగ్గర ఒక ఇంట్లో గుంజను వేలితో తట్టి, ఫికర్ లేదు, ఇల్లు నిలుస్తదని చెప్పాడు. పైకి గట్టిగా ఉన్న ఆ గుంజను లోపల చెదలు తినేశాయి. ఆ వానకాలమే కప్పు కూలి, ఆ ఇంటాయన భిక్షపతి అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. భార్య రాజమణి ఇస్సాకును పల్లెత్తు మాట అనలేదు. ఆమె తిట్టినా కొంత తేలికయ్యేదేమో. అప్పటినుంచి అతను తలుపులు చేశాడు, కిటికీలు చేశాడు గానీ, ఏ ఇల్లూ నిలుస్తుందని ఎవరికీ మాటివ్వలేదు.

మర్నాడు పొద్దున కట్టె తొలిచే బర్మా పట్టుకుని మళ్లీ వచ్చాడు. ప్రతి గుంజకూ అడుగున, నడుమ తొలిచి, రాలిన పొట్టును అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. పదకొండింటిలో పొడి పొట్టు, టేకు వాసన. బర్రెల మూత్రం పారే మూలనున్న గుంజలోంచి మాత్రం నల్లటి తడి పొడి వచ్చింది.

మధ్యాహ్నం రఘురామ్ వచ్చాడు. "ఏమిటండీ, ఇంకా విప్పలేదా?"

ఇస్సాకు ఆ నల్ల పొడినే ముందుగా చూపించాడు. "ఇదొక్కటి ఖరాబైంది సార్. మోకాలెత్తు కోసి కొత్త కట్టె అతుకుత. తక్కినయి మంచిగున్నయి."

"ఇల్లు నిలుస్తుందని మీరు చెప్పగలరా?"

"ఒకపారి చెప్పిన సార్. మనిషి సచ్చిపోయిండు." ఇస్సాకు తక్కిన గుంజల పొడి పొట్టును ముందుకు చాపాడు. "అప్పుడు తట్టి చూసిన. ఇప్పుడు తొలిచి చూసిన. నిలుస్తది. కానీ మేడ మీద ఎవ్వరిని ఉండనియ్యొద్దు."

రఘురామ్ ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "పది రోజులు ఆగుతాను" అన్నాడు.

పనినాడు ఇస్సాకు అందరినీ వీధిలోకి పంపాడు. కాశమ్మ కదలనంది.

"నా ఇంటి కింద నువ్వొక్కనివి కూసుంటవా?"

"నీ కాళ్లు మొక్కుత అక్కా, పో."

ఆమె వెళ్లాక దూలం కింద జాకీలు బిగించి, పుచ్చిన అడుగును కోసి లాగాడు. దూలం పెద్దగా మూలిగింది. నెత్తిన మట్టి రాలింది. అక్కడే చతికిలపడి, పెదవులతో ప్రార్థన చేసుకున్నాడే గానీ బయటికి పరుగెత్తలేదు. కొత్త కట్టెను ఏటవాలుగా అతికి, చీలలు కొట్టి, అడుగున రాయి పెట్టి, జాకీలను కొద్దికొద్దిగా దించాడు. దూలం వచ్చి గుంజ మీద కూర్చుంది. చప్పుడు లేదు.

రఘురామ్ వచ్చి తూకం దారం వేలాడదీసి ప్రతి గుంజా నిటారుగా ఉందో లేదో చూశాడు. కింది ఇల్లు ఉంచడానికి ఒప్పుకుని, బరువు తగ్గాలంటే మేడ విప్పెయ్యాలన్నాడు. కాశమ్మ పుట్టింది ఆ మేడగదిలోనే. తల్లి చీరలున్న పెట్టెను తానే నెత్తిన పెట్టుకుని కిందికి తెచ్చింది. ఏడవలేదు.

కొత్త మట్టిగోడ ఆరాక బర్రెలను తోలుకొచ్చారు. ముందున్న ముసలి బర్రె కొత్త కట్టె దగ్గర ఆగి, ముట్టెతో వాసన చూసి, దానికి ఒళ్లు రుద్దుకుని లోపలికి పోయింది.