ఊట దగ్గర గంటసేపు

“ఊట సన్నగా ఉందండి అత్తయ్యగారూ, చుక్కా చుక్కా వస్తంది.” బిందె దించుతూ నేను రోజూ చెప్పే ఈ మాట ఎండాకాలమంతా నిజమే. వానలు పడ్డాక మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధం మీదే నేను నాలుగు వానాకాలాలు హాయిగా బతికాను.

ఓడలరేవు దారిలో ఉంటుంది మా ఊరు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక మా బోర్లన్నీ ఉప్పు తేలాయి. రోడ్డు వారన, సరుగుడు తోట కింద ఇసుకలో ఊరే నీళ్ళొక్కటే తియ్యగా ఉంటాయి. ఎవరో పుణ్యాత్ములు అక్కడ చిన్న బావిలా సిమెంటు ఒర దింపారు. వేసవిలో అడుగున ఊరిన నాలుగు చెంబులూ తోడుకుని, మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. బిందెకి గంట. వానాకాలం ఒర నిండి పక్క కాలవలోకి పొర్లుతుంది, బిందె ముంచితే చాలు. ఈ సంగతి మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. నీళ్ళకి వెళ్ళేది మేమే కదా! ఆ రోడ్డునే రోజూ బండ్ల మీద పోయే మగవాళ్ళు ఒక్కసారీ దిగి చూసింది లేదు.

ఈ కూర్చోవడం మొదలుపెట్టింది మా పక్కింటి వరహాలమ్మ పిన్ని. “నిండిందని పరిగెత్తడమేనా? కూకోండే,” అంది. కూర్చున్నాం. పొర్లే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, జామకాయలు ఉప్పూ కారంతో తింటూ కూర్చున్నాం. మాతో నీళ్ళకొచ్చే బేబీ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. అక్కడ బాత్‌రూముకి వెళ్ళినా సూపర్‌వైజరు వాచీ చూసుకుంటాడట. అతని నడక నడిచి చూపిస్తే పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఇంట్లో నేను అన్నం కూడా సగం నిలబడే తింటాను. ఒకసారి మధ్యాహ్నం ఊరికే అరుగు మీద కూర్చుంటే మా అత్తగారు “ఒంట్లో బాగోలేదా?” అని అడిగారు. జ్వరం వస్తే తప్ప కోడలు కూర్చోదని ఆవిడ లెక్క. అందుకే ఆ గంటంటే నాకు ప్రాణం.

ఈ శ్రావణంలో మా ఆయన అప్పలరాజు మస్కట్ నుంచి వచ్చేశారు. ఇక వెళ్ళరట. నాలుగో రోజు నేను బిందె ఎత్తుకుంటుంటే, “బిందెడు నీళ్ళకి గంటా? ఎంత కష్టపడిపోతన్నావే తులసీ! రేపట్నించి నేనే బండి మీద తెచ్చేత్తాను,” అన్నారు. మంచి మనిషే. ఆ మంచితనానికి నా గుండె జారిపోయింది.

“వద్దండీ, అక్కడ అంతా ఆడవాళ్ళం,” అన్నాను.

విన్లేదు. మర్నాడు నేను వెళ్ళిన కాసేపటికే, బండి మీద ఖాళీ టిన్ను పెట్టుకుని వచ్చేశారు. ఒరలోకి తొంగి చూశారు. వరసగా నిండి ఉన్న మూడు బిందెల్ని చూశారు. నీళ్ళలో ఉన్న మా కాళ్ళు చూశారు.

“పొర్లిపోతంది కదా! మరి గంటసేపు ఏం చేస్తన్నారు మీరు?”

బేబీ నమలడం ఆపేసింది. పిన్ని కాలవకేసి చూస్తోంది. ఇసుక తేరుకోవాలనీ, పాము కనిపించిందనీ ఏవేవో నా నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను. విచిత్రంగా భయం వేయలేదు.

“కూర్చుంటన్నామండి.”

“కూర్చుని?”

“కూర్చుని ఏం లేదండి. కూర్చుంటన్నాం, అంతే.”

“ఆయ్, అంతేనండి,” అంది బేబీ, నోటినిండా జామకాయతో. పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత ఎవరమూ ఆపుకోలేదు. మా ఆయన బుర్ర గోక్కున్నారు. నేను లేచి నా బిందెలో నీళ్ళు ఆయన టిన్నులోకి వంపి మూత బిగించాను.

“ఇవి తీసుకెళ్ళి పప్పుకి ఎసరు పెట్టండి. నేను కాసేపుండి వస్తాను.”

ఏమనుకున్నారో గాని, తీసుకెళ్ళారు. సాయంత్రం ఆయన వాళ్ళమ్మకి వంటింట్లో గుసగుసగా అంతా చెప్పడం విన్నాను. ఇక నా గంట పోయిందనే అనుకున్నాను. తెల్లవార్లూ నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నేను బయల్దేరేసరికి అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“అక్కడ నాక్కూడా కాస్త చోటుంటాదా?” అని అడిగారు.

ఆవిడ చేతిలో బిందె లేదు.