ఆదెమ్మ చేలో ఒంటి గొట్టం

నేను ఒక ఇనుప గొట్టాన్ని. గొట్టమంటే మీ పెరట్లో మొక్కల మధ్య పాకేదాన్నో, స్నానాల గది గోడకు అంటుకుని ఉండేదాన్నో ఊహించుకోకండి. నా లోపల మనిషి తలపాగా తీయకుండా నిలబడగలడు. ఒక ఎద్దుల బండిని దూర్చినా కాడి మాత్రమే బయట ఉంటుంది. నన్ను పడుకోబెట్టడానికి క్రేను కావాలి, కదిలించడానికి ఊరు కావాలి.

రేకును వేడి చేసి, చుట్ట చుట్టి, అతుకు వేసి, లోపల సిమెంటు పూసి నన్ను తయారు చేశారు. అంతా అయ్యాక ఫ్యాక్టరీలో రంగులు వేసే అతను నా వీపు మీద ఏవో అంకెలు, వాటి పక్కన తెల్లగా ఒక బాణం గుర్తు వేశాడు. ఆ బాణానికి ఉన్న అర్థం ఒక్కటే. వరసలో కలిపేటప్పుడు ఈ మొనను ముందుకు పెట్టండి అని. అతను బ్రష్ కడుక్కుని ఇంటికి పోయాడు. ఆ బాణం వల్ల ఒక ఊళ్ళో పచ్చని మిరప తోట ఎండిపోతుందని అతనికేం తెలుసు?

మంచినీళ్ళ పథకం కోసం నాలాంటి వాళ్ళను చాలామందిని తరలిస్తున్నారు. నన్ను ఎక్కించుకున్న ట్రైలర్ డ్రైవరు పేరు యేసోబు. కనిగిరి దాటిన తర్వాత మట్టి రోడ్డు మీద టైర్లు పేలి బండి ఒక పక్కకు ఒరిగింది. పని జరిగే చోటు నుంచి క్రేను తెప్పించి, బరువు తగ్గించడానికి నన్ను పక్కనున్న చేలో, మిరప సాళ్ళకు అవతల ఉన్న బీడు ముక్కలో దించారు. ఆ చేనున్న ఊరు ముక్కంటిపాలెం. ఆ సాయంత్రం ఊరి జనమంతా పక్కూరి తిరునాళ్ళకు పోయారు. చూసినవాళ్ళెవరూ లేరు. యేసోబు నన్ను అరచేత్తో తట్టి, రేపొచ్చి తీసుకుపోతానని చెప్పి, టైర్లు మార్చుకుని ఖాళీ బండితో పోయాడు.

రేపు రాలేదు. పైప్‌లైను దారి మారింది. కొండకు అవతలి వైపు నుంచి వేయాలని పై అధికారులు నిర్ణయించారు. నా తోటి గొట్టాలన్నీ అటు పోయాయి. ఒక్కదాని కోసం బండిని ఇంత దూరం పంపడం ఎందుకనుకున్నారో, అసలు నేను గుర్తే లేనో నాకు తెలియదు.

పొద్దున్నే చేనుకు వచ్చిన ఆదెమ్మ నన్ను చూసి గట్టు మీదే ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, భర్త చెంచయ్య పోయినప్పటి నుంచి ఒంటరిగానే సేద్యం చేస్తోంది. కొడవలి చేత పట్టుకుని నా చుట్టూ తిరిగింది. కొడవలి పిడితో రెండు దెబ్బలు వేసి చూసింది. తర్వాత లోపలికి తొంగి చూసి గట్టిగా అడిగింది.

"ఎవురయ్యా లోపల?"

నా లోపల ఎవరూ లేరు కాబట్టి ఆమె గొంతే ఆమెకు తిరిగి వినిపించింది. కొడవలి అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది.

కాసేపట్లో ఊరంతా వచ్చింది. నేను గొట్టాన్నని పసిపిల్లలకు కూడా తెలుస్తూనే ఉంది. వాళ్ళను పీకుతున్నది నేనేమిటన్నది కాదు, ఒక్కదాన్నే ఎందుకున్నానని. ఒకడు గ్యాసు లైను అన్నాడు. ఒకడు ఆకాశంలోంచి పడిన రాకెట్టు ముక్క అన్నాడు. పడితే నేల గుంట పడదా అని ఎవరో అడిగేసరికి, మెల్లగా పడిందన్నాడు. బస్టాపు దగ్గర టీ కొట్టు నడిపే మస్తాన్ మాత్రం తొందరపడలేదు. బీడీ వెలిగించుకుని, నా వీపు మీది బాణాన్ని చూసి, అది చూపిస్తున్న వైపు చూశాడు.

"బాణం ఏ పక్కకుండాదో చూసినారా?"

అందరూ చూశారు. బాణం మొన సూటిగా ముక్కంటిపాలెం వైపు ఉంది.

"ఊరు లేపేస్తారు," అన్నాడు మస్తాన్. "ఇది గుర్తు. ముందు ఒకటి పడేసి, మనం నోరెత్తుతామా లేదా అని చూస్తారు. ఎత్తలేదంటే ఎనకాల వెయ్యి దిగతాయి."

నేను పోతే చాలు అనుకుంటున్న నన్ను పట్టుకుని, నా వెనక వెయ్యి మందిని నిలబెట్టాడు. ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదు. కానీ వింటున్న వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు.

ఊళ్ళో కుర్రాళ్ళంతా గడ్డపారలు తెచ్చారు. నన్ను ఎత్తుకుపోవడం కుదరదు కనుక, బాణం ఊరి వైపు లేకుండా తిప్పితే చాలనుకున్నారు. ఆదెమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"సాళ్ళు నలుగుతాయి నాయనా. మొక్క ఇప్పుడిప్పుడే పూతకొచ్చింది. వొద్దు."

"ఊరే పోతాంటే నీ సాళ్ళేంది పెద్దమ్మా!" అన్నారు వాళ్ళు. ఓ అని కేక వేసి, ఒక కొన పట్టి నన్ను తిప్పారు. ఒక మడి మిరప నా కింద నలిగింది. ఊరి వైపు నుంచి బాణం తొలగిందని చూసుకుని, చెమట తుడుచుకుని వెళ్ళిపోయారు. అది ఇప్పుడు ఏ వైపు చూస్తోందో మాత్రం ఎవరూ చూడలేదు.

చూసింది వీరనారాయణ. ఆదెమ్మకు మరిది, చెంచయ్య తమ్ముడు. పొలం గట్టుకు అవతల ఉన్న చేను అతనిది. అన్నదమ్ములిద్దరూ కలిసి వేయించిన బోరు కూడా అతని వైపే ఉంది. ఆదెమ్మ మిరపకు నీళ్ళు దాన్నుంచే రావాలి. ఆ రోజు అతను విత్తనాల కోసం పొదిలి పోయాడు. తిరిగొచ్చేసరికి తెల్లని బాణం ఒకటి తన బోరుకు గురిపెట్టి ఉంది.

"నా బోరుకేసి దీన్ని తిప్పిందెవురు?" అని ఊళ్ళో అడిగాడు. తిప్పిన కుర్రాళ్ళలో ఒక్కడూ నోరు విప్పలేదు. మస్తాన్ గ్లాసు కడుగుతూ, "మీ వదిన చేలోదే గదా బావా, ఆయమ్మనే అడుగు," అన్నాడు.

అడిగి ఉంటే బాగుండేది. అతను అడగలేదు. తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. చెప్పకుండా చెయ్యకుండా చేలో గొట్టం ఎవరు దించుతారు? ఆమె సంతకం పెట్టే ఉంటుంది. తన చేను అమ్ముకుని, పక్క చేను కూడా చూపించి ఉంటుంది. మర్నాడు ఆమె మడులకు పోయే వాల్వు కట్టేశాడు.

ఆదెమ్మ అతని ఇంటికి పోయింది. తలుపు తీయలేదు. తోడికోడలు కిటికీలోంచి చూసి పక్కకు తప్పుకుంది. అప్పుడామె, ఈ గొట్టం ఎవరిదో తేల్చుకుని వస్తానని మండలాఫీసుకు బయల్దేరింది. అక్కడ మాది కాదన్నారు. నీళ్ళ ఆఫీసుకు పొమ్మన్నారు. నీళ్ళ ఆఫీసులో మా గొట్టాలన్నీ కొండకవతల ఉన్నాయన్నారు. కరెంటాఫీసులో గొట్టమా అని నవ్వారు. నాకు తల్లీదండ్రీ ఎవరో తేల్చడానికి ఆమె ఎన్ని బస్సులెక్కిందో! ఎక్కిన ప్రతి బస్సూ మస్తాన్ కొట్టు ముందే ఆగేది. చూసినవాళ్ళు చూసినట్టే అనుకున్నారు: ఏమీ లేకపోతే ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

తర్వాత ఆమె చేలోకి కూలికి రావడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. పొద్దునా సాయంత్రం వాగులో చెలమ తీసి, బిందెలతో నీళ్ళు మోసి మొక్క మొక్కకూ పోసేది. పై మడులకు అందలేదు. అక్కడ పూత రాలి, ఆకులు ముడుచుకుపోయాయి. మధ్యాహ్నం ఎండకు ఓర్చుకోలేక నా నీడలో కూర్చునేది. నన్ను తిట్టేది కాదు. బిందెలు మోసి కాయలు కాసిన అరచేతులు ఊదుకుంటూ నా వైపు చూసేది, అంతే. తిట్టినా నాకు కాస్త తేలికగా ఉండేది.

ఒక మధ్యాహ్నం గాలి లేచింది. వాన తక్కువ, ఉరుములు ఎక్కువ. పిడుగు ఎక్కడో దగ్గర్లోనే పడింది. బిందె దించి ఆదెమ్మ నా లోపలికి వచ్చింది. అదే సమయానికి అవతలి కొన నుంచి తువ్వాలు నెత్తిన కప్పుకుని ఇంకో మనిషి దూరాడు. వీరనారాయణ. లోపల ఆమెను చూసి బయటకు పోబోయాడు. మళ్ళీ పిడుగు పడింది. ఆ కొనలోనే వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు.

నాలో గుసగుస కూడా ఒక కొన నుంచి ఇంకో కొనకు పోతుంది. ఆ సంగతి అతనికి తెలియదు. ఉరుముల చప్పుడులో ఎవరికీ వినపడదనుకుని తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు పోయి నన్నిట్టాంటి పనిలో పడేసినావు అన్నా. చెట్లు ఎండతాండయ్యని నాకు తెలవదా? పొద్దున చూసినా. ముద్ద దిగలా. నీళ్ళు ఇడిచి ఏం లాభం, ఆయమ్మ ఎటూ అమ్మేసింది, ఎనకాలే నా చేనూ పోతది."

"ఎవురు అమ్మింది?"

అతని చెవి పక్కనే అన్నట్టు వచ్చిన ఆ మాటకు ఎగిరిపడి నా గోడకు నెత్తి కొట్టుకున్నాడు. ఒక్క క్షణం నేనే మాట్లాడాననుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు.

"నేను సంతకం పెట్టంగా నీ కళ్ళతో చూసినావా?" అంది ఆదెమ్మ. ఆమె గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం కూడా లేదు.

"ఆఫీసులకు పోయినావు గదా."

"పోయినా. ఈ గొట్టం ఎవురిదని అడగను పోయినా. నువ్వు పోయినావా? బాణాన్ని తిప్పినోళ్ళ పక్కనే కూర్చుని టీ తాగినావు. వొద్దని కాళ్ళా వేళ్ళా పడింది నేను."

వాన నా వీపు మీద తాళం వేస్తోంది.

"మా నాయన చేలో గూడా సర్వేవోళ్ళు ముందు రాయే పాతినారు వదినా," అన్నాడు వీరనారాయణ. "ఒక్క రాయి. రాయే గదా అనుకున్నాడు నాయన. దాని మీద కూర్చుని సద్ది గూడా తిన్నాం. ఎనకాల కాలవొచ్చింది. ఇల్లు పీకి నేనూ అన్నా దూలాలు నెత్తిన పెట్టుకుని ఈ ఊరొచ్చినాం."

"నాకు తెలవదా? పెళ్ళైన కొత్తలో మీ అన్న నిద్దట్లో ఆ రాయిని తిట్టేవోడు."

"మరి నీకు బయం లా?"

"ఎందుకు లేదు? రోజూ పొద్దున ఇంకో గొట్టం దిగిందేమో అని చూసుకుంటా చేనుకొస్తా. బయం నీకూ ఉండాది, నాకూ ఉండాది. ఎండేది మాత్రం నా చెట్లే."

వాన వెలిసింది. ఇద్దరూ చెరో కొన నుంచి బయటకు పోయారు.

మర్నాడు పొద్దున్నే బోరు మోటారు మోగింది. కాలవలో నీళ్ళు నురగ కక్కుతూ ఆదెమ్మ మడుల్లోకి వచ్చాయి. కింది మడులు తేరుకుని కాయ పట్టాయి. పై మడులు తేరుకోలేదు. ఆదెమ్మ ఆ ఎండిన మొక్కల్ని పీకి, గట్టు మీద, వీరనారాయణకు రోజూ కనపడేలా కుప్ప పోసింది. అతను చూస్తూ పోయేవాడు. తీసేయమని ఎన్నడూ అనలేదు.

మిరపకాయలు కోసే రోజుల్లో యేసోబు వేరే సరుకుతో అదే దారిన వచ్చాడు. టీ తాగడానికి ఆగి, దూరంగా నన్ను చూసి పకపకా నవ్వాడు.

"ఓర్నీ! ఇదింకా ఈడే ఉందా? టైర్లు పేలితే నేనే దించిపోయినా!"

ఊరు గుమిగూడింది. యేసోబు మొత్తం చెప్పాడు: బండి ఒరగడం, క్రేను రావడం, బాణానికి అర్థం. అంతా శ్రద్ధగా విన్నారు. టీ డబ్బులివ్వబోతే మస్తాన్ తీసుకోలేదు కూడా. ట్రైలర్ మలుపు తిరగ్గానే అడిగాడు.

"ఇంతకాలం లేంది, ఇయ్యాల ఈ మాట చెప్పమని వీడినెవురు పంపినట్టు?"

నిజమే కదా అన్నట్టు తలలూగాయి. నిజం చెప్పడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి, వాళ్ళ కళ్ళకు నాకంటే పెద్ద అనుమానమైపోయాడు.

యేసోబు వెళ్ళి ఎవరికి చెప్పాడో ఏమో, కోతలయ్యాక క్రేను వచ్చింది. గొలుసులు వేసి నన్ను లేపారు. దించినప్పుడు ఎవరూ చూడలేదు గానీ, ఎత్తేటప్పుడు ఊరంతా చూసింది. ఎందుకు తెచ్చారో తెలియదు, ఎందుకు తీసుకుపోతున్నారో తెలియదు, దీని వెనక ఏదో ఉందని మస్తాన్ అంటూనే ఉన్నాడు.

గాలిలో వేలాడుతూ కిందికి చూశాను. నేను పడుకున్న చోట నేల పాలిపోయి, తేమగా, పొడుగ్గా ఉంది. దానికి ఇటు ఆదెమ్మ, అటు వీరనారాయణ నిలబడి ఉన్నారు. అతను వంగి ఒక మట్టి పెళ్ళ తీసి చేత్తో నలిపాడు.

"పదునుగా ఉండాది వదినా. ఇక్కడేం వేద్దాం?"

వేద్దాం. ఆ మాట విని ఆదెమ్మ అతని మొహంలోకి చూసింది. నమ్మాలా వద్దా అని ఆలోచించుకుంటున్న చూపు అది.

"అలసందలేస్తా," అంది. "నువ్వు ముందు నీళ్ళిడిచి చూపించు."

వీరనారాయణ మట్టి దులుపుకుని బోరు వైపు నడిచాడు. నన్ను ట్రైలర్ మీద పడుకోబెట్టి గొలుసులు బిగించారు. ఇప్పుడు నేనొక గోదాము వెనక పిచ్చి మొక్కల్లో ఉన్నాను. ఇక్కడ నాలాంటి గొట్టాలు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి నన్నెవరూ అనుమానించరు. ఆ రోజు బండి కదిలేటప్పుడు చేను వైపు నుంచి మోటారు మోగిన చప్పుడు వినపడింది. ఆ నీళ్ళు అలసంద సాళ్ళ దాకా వచ్చాయో లేదో నేను చూడలేదు.