పోతమ్మకు నచ్చిన సీను

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. జాలారిపేటలో మరపడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పోలిరాజుకు వలలు బాగుచేసుకోవడం తప్ప వేరే పనిలేదు. మధురవాడలో కారు నడిపే బావమరిది వాసు ఒకరోజు ఫోన్ చేసి, జగదాంబ సెంటర్‌లో కొత్త సినిమాకి మూడు టికెట్లు తీశానన్నాడు. ఎండలు ముదిరి, సముద్రం పొంగి, పెద్ద తుపానొచ్చి విశాఖపట్నం మునిగిపోయే కథట.

"మునిగిపోడం సూడ్డానికి సినిమాకెల్లాలేటి వాసూ?" అన్నాడు పోలిరాజు.

అతని భార్య పోతమ్మ మాత్రం అప్పటికే చీర మార్చుకుంటోంది.

సినిమాలో హీరో వాతావరణ శాస్త్రవేత్త. ప్రమాదం ముంచుకొస్తోందని ఆఫీసు ఆఫీసుకూ తిరిగి చెబుతుంటాడు, ఎవరూ వినిపించుకోరు. ఆ మాటలు వింటూ వింటూ పోలిరాజు నిద్రలోకి జారుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ హాయిగా ఉంది. ఇంటర్వెల్లో కూడా లేవలేదు. వాసు రెండుసార్లు మోచేత్తో పొడిచి ఊరుకున్నాడు. చివర్లో లైట్లు వెలిగాక మెలకువొచ్చింది.

గేటు బయట ఒకమ్మాయి మైకు పట్టుకుని వచ్చేవాళ్ళందరినీ సినిమా ఎలా ఉందని అడుగుతోంది. పేరు ఆస్రా, ఓల్డ్ టౌన్ పిల్ల, చిన్న యూట్యూబ్ చానల్లో పనిచేస్తోంది. కాలేజీ కుర్రాళ్ళు గ్రాఫిక్స్ అదిరిపోయాయన్నారు. ఉక్కునగరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, సెకండాఫ్ సాగదీశారని, పిల్లల్ని తెస్తే భయపడి చచ్చారని విసుక్కున్నాడు. ఇంకొకావిడ, ఇలాంటివి బళ్ళో చూపించాలంది. మైకు పోలిరాజు ముందుకొచ్చింది.

"సల్లగా ఉందమ్మా. ఇంత సల్లటి తుపాను నానెప్పుడూ సూణ్నేదు. బాగా నిద్రొట్టింది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. పోలిరాజు కూడా నవ్వి, వాసుతో కలిసి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పోతమ్మ మైకు ముందు నిలబడి ఏదో చెబుతోంది. వీళ్ళను చూసి ఆపేసింది.

మర్నాటికల్లా పోలిరాజు ఊరందరి ఫోన్లలోనూ ఉన్నాడు. ఆ మాటకు ఎవరో డప్పు జోడించారు, ఇంకెవరో అతని తలకి కిరీటం పెట్టారు. హార్బర్‌లో తెలియనివాళ్ళు కూడా పలకరించి ఫొటోలు దిగారు. పోలిరాజుకు ముచ్చటగానే ఉంది. పోతమ్మ ఆ వీడియో మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చూసింది.

"నన్ను ఎయ్యనేదు" అని ఫోన్ తిరిగిచ్చేసింది. తర్వాత ఆ ఊసెత్తలేదు.

వారం తిరక్కుండా ఆస్రా జాలారిపేటకు వచ్చింది. పడవ దగ్గర నిలబెట్టి పోలిరాజుతో మరో నవ్వుల వీడియో తీయాలని ఆమె ఉద్దేశం.

"అది సరేగానమ్మా, మా ఆడమనిషి సెప్పింది ఎందుకు ఎయ్యనేదు?" అని అడిగాడు పోలిరాజు.

ఆస్రా కాస్త ఇబ్బందిపడింది. "ఆంటీ ఏడుస్తూ చెప్పారు అంకుల్. మా సార్ ఫన్నీవి మాత్రమే ఉంచమన్నారు. మిగతావన్నీ తీసేశాం."

"ఏడిసిందా? ఏటయిందని?"

"ఇంటర్వెల్ తర్వాత స్కూల్ సీను గురించి. మీరు చూళ్ళేదు కదా."

పోలిరాజు వీడియో తర్వాత తీసుకుందామని ఆమెను పంపేశాడు. ఇంటికెళ్ళి పోతమ్మను అడగాలనుకున్నాడు గాని, ఏమని అడగాలో తోచలేదు. తనేమో పక్క సీట్లో గురకపెట్టాడాయె. మర్నాడు మార్నింగ్ షోకి ఒక్కడే వెళ్ళాడు.

హాల్లో పదిమంది కూడా లేరు. ఈసారి నిద్రపోకుండా కూర్చున్నాడు. ఇంటర్వెల్ తర్వాత ఆ సీను వచ్చింది. తుపానుకు ఊళ్ళోవాళ్ళంతా బడిలో తలదాచుకుంటారు. మొగుడి పడవ తిరిగి రాలేదని ఒకమ్మాయికి కబురొస్తుంది. ఆమె బడి అరుగు మీద కూలబడి ఏడుస్తుంది. పాట లేదు, మాట లేదు. చాలాసేపు ఏడుస్తూనే ఉంటుంది. వెనక వరసలో కుర్రాళ్ళు, "చాల్లే ఆపమ్మా" అని నవ్వారు. పోలిరాజుకు కూడా అది మరీ ఎక్కువనిపించింది.

ఇంటికొచ్చేసరికి పోతమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఆ సినిమా మళ్ళీ సూసొచ్చినాను. పడుకోనేదు" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది.

"ఇస్కూలు అరుగు మీద ఆ పిల్ల ఏడుస్తాది, ఆ సీనుకేనా నువ్వు ఏడిసింది?"

"ఎవులు సెప్పారు?"

"మైకు పిల్ల సెప్పింది. అయినా అంతసేపు సూపించాలేటి?"

"నాకదే నచ్చింది" అంది పోతమ్మ. "అంతమంది ఉన్నారు గదా, ఆ పిల్లని ఎవులూ ఊరుకోమన్నేదు."

పోలిరాజు గడపమీద కూర్చున్నాడు. ఆమె చేపలు తిరగేస్తూనే చెప్పింది.

"హుద్‌హుద్ తుపాను నాడు మీ అమ్మా నానూ ఇస్కూల్లో ఉన్నాం. నువ్వు పడవ పైకి లాగాలని తెల్లారకముందే ఎల్పోనావు. మజ్జానమైనా రానేదు. ఎవులో ఒచ్చి మన పడవ పోనాది, మనుసులేమయ్యారో తెల్దన్నారు. మీ అమ్మ నీ పేరెట్టి శోకం ఎత్తుకుంది. నాను సేత్తో నోరు మూసేసినాను. గట్టిగా. ఊపిరాడక కొట్టుకుంది పాపం."

"ఎందుకలాగ?"

"శోకమెడితే నువ్వు సచ్చిపోయినట్టే గదా. నానూ ఏడవనేదు. సాయంత్రం దాకా అలగే కూకున్నాం."

ఆ సాయంత్రం పోలిరాజు ఇంజను భుజానేసుకుని బడికి వచ్చాడు. పడవ పోయినా ఇంజను దక్కించుకున్న సంగతి ఇన్నేళ్ళుగా ఎంతోమందికి గొప్పగా చెప్పుకున్నాడు. అది విన్నప్పుడల్లా పోతమ్మ లేచి వేరే పనిలోకి వెళ్ళిపోయేది. అతని తల్లి పోయి నాలుగేళ్ళయింది.

"అమ్మ నాకు ఎప్పుడూ సెప్పనేదు."

"నానే ఒద్దన్నాను."

అప్పుడు పోలిరాజు తన సంగతి చెప్పాడు. "మేం పడవోళ్ళం ముగ్గురం కడతన్న మేడ మెట్ల కింద దూరినాం. రేకులు ఎగిరొచ్చి పడతన్నాయి. అయి ఇస్కూలు రేకులే అనుకున్నాను. మీరు ఉన్నారో నేదో. గాలి తగ్గినాక కూడా ఎంటనే లెగనేదు. ఎల్తే ఏటి సూడాల్సొస్తాదో అని కాళ్ళాడనేదు."

పోతమ్మ చేతిలో చేపను పళ్ళెంలో పడేసింది.

"గాలి తగ్గినాక కూడానా?"

"ఊఁ."

"నానక్కడ మీ అమ్మ నోరు నొక్కుకోని కూకుంటే నువ్వు మెట్లకింద కూకున్నావా? గాలి తగ్గినాకా?"

చేపల వాసన చేతులతోనే అతని భుజంమీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత గోడకు చేరబడి ఏడ్చింది. పక్కింటి సన్యాసమ్మ గొంతు విని వచ్చి, ఏమైందని అడిగింది. "ఏటీ నేదప్పా, పాత సంగతి" అన్నాడు పోలిరాజు. సన్యాసమ్మ వెళ్ళిపోయింది. ఏడుపు చాలాసేపు సాగింది. అతను అక్కడే కూర్చున్నాడు. ఏదో ఒకటి అందామని రెండుసార్లు అనుకున్నాడు గాని అనలేదు. కాకులు దిగుతుంటే లేచి, చేపల మీద పాతవల కప్పాడు.

మర్నాడు పోతమ్మ, సినిమాలో ఆ పిల్ల మొగుడు చివరికి దొరికాడా అని అడిగింది. కళ్ళు తుడుచుకుంటూ తనకది సరిగా తెలియలేదట. దొరికాడని చెప్పాడు పోలిరాజు. అలా పోయినవాడు దొరికితే అది అబద్ధం సినిమా అంది పోతమ్మ. కాదు, తను తిరిగి రాలేదా అని అతను వాదించాడు. కూర చల్లారిపోయేదాకా ఇద్దరూ ఆ సినిమా గురించే కొట్లాడుకున్నారు.

జూన్‌లో నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. పోలిరాజుకు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఫోనుకు సిగ్నల్ తగలగానే ఇంటికి చేస్తాడు. పడిన చేప గురించి చెప్పడు, "ఒచ్చేత్తన్నాను" అంటాడంతే. ఒక్కోరోజు పోతమ్మ చేపల బేరాల గొడవలో ఫోన్ ఎత్తదు. అప్పుడు ఒడ్డు కనబడేదాకా అతనికి పడవమీద కాలు నిలవదు.