వేడెక్కితే పోయే చప్పుడు

ఆ మెకానిక్‌ని అందరూ సైలెన్సర్ అనే పిలుస్తారు. చేసేది సైలెన్సర్ల పని కాబట్టి వచ్చిన పేరే గానీ, ఒకప్పుడు ఆయన నోటికి మాత్రం సైలెన్సర్ ఉండేది కాదు. బండి బాగయ్యేలోపు దాని యజమాని ఇంటి గుట్టంతా కూపీ లాగేవాడు. ఈ తొమ్మిదేళ్ళుగా మాత్రం పేరుకు తగ్గ మనిషయ్యాడు. బావ పోయిన దిగులు అనుకున్నారు చూసినవాళ్ళు. అనుకోనిమ్మని ఊరుకున్నాడు.

ఆ ఉదయం ఆ బావ కారు లారీ మీద షెడ్డుకి వచ్చింది. రెండు తలుపుల పాత కారు. ఆ రోజుల్లో రోడ్డు మీద దాన్ని దాటిన బండి లేదు. తొమ్మిదేళ్ళుగా చెల్లెలి ఇంట్లో గుడ్డ కప్పుకుని పడి ఉంది. ఎంతమంది కొంటామని కాళ్ళావేళ్ళా పడ్డా ఆమె అమ్మలేదు.

"మావయ్యా, పొగ పరీక్ష పాసవ్వాలంటే దీనికి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండాలట. మంచిది తెప్పించాను, స్టీలు పైపులు కూడా. నాన్న బండి ఇక నేనే నడుపుతా," అంటూ మేనకోడలు అట్టపెట్టెలు దింపింది. "అమ్మ ఒంటిపూట బడి అయ్యాక ఇటే వస్తానంది. నేను ఆఫీసు అయ్యాక వస్తా."

ఆ పిల్ల వెళ్ళాక బ్యాటరీ బిగించి, కొత్త పెట్రోలు పోసి తాళం తిప్పాడు. బండి ఏమీ ఎరగనట్టు లేచి గర్జించింది. ఆ గర్జన కింద ఇంకొకటి వినిపించింది. టిక్, టిక్, టిక్. నేల కింద ఎవరో గోటితో తడుతున్నట్టు. తొమ్మిదేళ్ళుగా స్నానాల గదిలో, బస్సులో, చివరికి మంగలి కుర్చీలో కూడా వినిపించిన చప్పుడే అది. ఇంజన్ వేడెక్కేసరికి ఆగిపోయింది. ఆయనకి మాత్రం ఒళ్ళు చల్లబడింది.

అప్పట్లో బావకి బండి అరవాలని సరదా. "దీని గొంతు విప్పు బావా," అని వెంటపడితే, పొగలో విషాన్ని విరిచే ఆ కన్వర్టర్ డబ్బాని కోసి, లోపలున్న తేనెపట్టు లాంటి పింగాణీనంతా పొడిచి పారబోసి, ఖాళీ డబ్బాని మళ్ళీ అతికించి ఇచ్చింది ఈయనే. జాయింటులోంచి పొగ కారకుండా వేసే ప్యాకింగ్ కొత్తది దొరక్క, నలిగిన పాతదే వేశాడు. టిక్ టిక్ అంటోందేంటని బావ అడిగాడు. "ఏం కాదు, వేడెక్కితే పోతుంది. వచ్చేవారం రా, కొత్తది వేస్తా," అన్నాడు. ఆ వచ్చేవారం రాలేదు. నెల తిరక్కుండా ఓ రోజు జోరువానలో, రోడ్డు పక్కన ఆపిన కారులో, ఇంజన్ నడుస్తుండగానే బావ సీట్లో ఒరిగిపోయి కనిపించాడు. గుండె ఆగిందని డాక్టర్ రాశాడు. అందరూ నమ్మారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడికీ ఇన్నాళ్ళూ కిందికి దూరి చూసే ధైర్యం లేకపోయింది.

ఇవాళ తప్పించుకునే దారి లేదు. ఈయన కాదంటే ఆ పిల్ల ఇంకో షెడ్డుకి పట్టుకెళ్తుంది. మధ్యాహ్నం దాకా తాత్సారం చేసి, బండిని లిఫ్టు మీద పైకెత్తి లైటు వేశాడు. తన అతుకు తనకి వెంటనే తెలిసిపోయింది, సొంత చేతిరాత తెలిసినట్టు. దాని పక్కన జాయింటు నుంచి పైకి, వేలెడు వెడల్పున మసి చార. నేరుగా వెళ్ళి డ్రైవర్ కాళ్ళ కింద, రబ్బరు మూత ఊడిన కన్నంలో దూరింది.

భుజం మీద గుడ్డ ఉంది. ఒక్కసారి తుడిస్తే పోయే మసి. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే చెల్లెలు వచ్చింది, చీర కుచ్చెళ్ళకి సుద్దపొడితో.

ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మకి చెప్పలేనని తెలిసింది.

"ఇలా రామ్మా. ఈ మసి చూడు. చప్పుడు ఆగినా పొగ ఆగలేదు, ఇక్కడ కారి లోపలికి పోయింది. ప్యాకింగ్ పాతది వేసింది నేనే. బావది గుండెజబ్బు కాదే."

ఆమె తల పైకెత్తి మసిని చూసింది. "తెలుసన్నయ్యా."

"ఏం తెలుసు?"

"బండెక్కితే తలనొప్పి అనేవారు. నాకూ వచ్చేది. అన్నయ్యకి చెప్పండీ అంటే, 'వద్దులే, చిన్నబుచ్చుకుంటాడు, అద్దం దించుకుంటే సరి' అనేవారు. ఆ రోజు వాన కదా. దించలేదు."

సైలెన్సర్ పాత టైరు మీద కూలబడ్డాడు. "ఒక్క మాట అనలేదేమే? నన్ను చెడామడా తిట్టొచ్చుగా!"

"ఆయన ఎలాగూ పోయారు. తిడితే నువ్వూ పోతావని భయమేసింది."

"మరి ఈ బండెందుకు అట్టేపెట్టావు?"

"అమ్మితే ఇంకెవడో విప్పుతాడు. విప్పితే నీ పని బయటపడుతుంది," అంది. ఆయన చేతిలోంచి గుడ్డ లాక్కుని, మునివేళ్ళ మీద నిలబడి ఆ మసిని తనే తుడిచింది. ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి కొత్త కన్వర్టర్, కొత్త పైపులు, జాయింటు జాయింటుకీ కొత్త ప్యాకింగ్ బిగించాడు. కన్నానికి మూత వేశాడు. సబ్బునురగ పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని మూడుసార్లు చూశాడు. మేనకోడలు వచ్చి స్టార్ట్ చేస్తే బండి హుందాగా, నిండుగా పలికింది. టిక్ అన్న చప్పుడే లేదు.

పక్క సీట్లో కూర్చున్న చెల్లెలు ముందుగా చేసిన పని అద్దం దించడం.

"దుమ్మమ్మా, ఎత్తెయ్. నువ్వైనా చెప్పు మావయ్యా, అంతా కొత్తది వేశావుగా, అద్దమెత్తినా ఏం కాదని!"

ఏం కాదు అనబోయాడు. చెల్లెలు ఆయన వైపే చూస్తోంది.

"దించుకునే వెళ్ళండమ్మా," అన్నాడు. అటు వెళ్ళి తలుపు తీసి, మేనకోడలి వైపు అద్దం కూడా తనే దించాడు.