మింగిన మాటలు

రోజూ పొద్దున్నే ఫుమి కాఫీ గింజలు పొడి చేసి, నీళ్ళు పొయ్యి మీద పెట్టి, కొట్టులోని రెండు స్పీకర్లనూ పొడిగుడ్డతో తుడుస్తుంది. బీరువాలంత ఉంటాయవి. ఇల్లు కట్టుకోమని తండ్రి ఇచ్చిన స్థలం అమ్మి, పెళ్ళికి ముందే కొన్నాడు ఆమె మొగుడు తెరుహికో. కనజవాలో వాళ్ళ కాఫీ కొట్టుకి జనం వచ్చేది రికార్డులు వినడానికే. పాట మొదలైతే ఎవరూ నోరు మెదపకూడదు, అదీ అక్కడి కట్టుబాటు.

మరి నోటిదాకా వచ్చిన మాటలు మింగేస్తే ఎక్కడికి పోతాయి? స్పీకర్లలోకే. ముసురు పట్టిందంటే చెక్క ఉబ్బి, పాటకీ పాటకీ మధ్య ఎప్పటివో ఒకటో రెండో బయటికొచ్చేవి. టోఫూ కొట్టు హిరోసె ఏనాడో మింగిన "చక్కెర వెయ్యడం మరిచారు" మొన్న వినబడితే, ఫుమి లేచి వెళ్ళి అతనికి చక్కెర ఇచ్చొచ్చింది.

"అంత డబ్బు తగలేశావు, ఏం ఒరిగింది?" అని కాపురమంతా మొగుణ్ణి దెప్పింది. అతను జవాబు చెప్పకుండా రికార్డు తిప్పేవాడు. పోయిన చలికాలం అతను కాలం చేశాక, ముసురు పట్టినప్పుడల్లా అతని మాట కోసం స్పీకర్ల దగ్గర చెవులు రిక్కించి కూర్చుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "బతికుండగా మాట్లాడనివాడు చచ్చాక మాట్లాడతాడా, నా పిచ్చి గానీ!" అనుకుంది. కొట్టు మూసేసి ఒసాకాలో చెల్లెలి దగ్గరికి పోదామని, స్పీకర్లు కొనే నకగొమెను పిలిపించింది.

అతను వచ్చిన రోజూ వానే.

"ఇంత ఖరీదైనవి కదా, పెట్టిన డబ్బుకి ఫలితం దక్కిందా అమ్మగారూ?"

"మేడ మీద ఒంటిగదిలో ముసలిదాన్నయ్యాను నాయనా. ఇంకేం ఫలితం? పట్టుకుపో."

"ఒక్కసారి వినిపించండి. వినకుండా కొంటే నలుగురూ నవ్వుతారు."

రికార్డు ఒకవైపు అయిపోయింది. సూది గరగరలాడుతుంటే కుడివైపు స్పీకర్లోంచి ఒక ఆడపిల్ల గొంతు వినబడింది. "అబ్బ, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుణ్ణు!"

ఆ గొంతు ఫుమి పోల్చుకుంది, తనదే. వానకి తలదాచుకోవడానికి మొదటిసారి ఈ కొట్టులోకొచ్చి, తడిసిన జడతో ఆ మూల కుర్చీలో కూర్చున్న రోజు గుర్తొచ్చింది. అప్పటికి తెరుహికో పేరు కూడా తెలీదు. ఎంత సంతోషంగా ఉందో ఆ రోజు! ఎలా మరిచిపోయింది?

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"ఇక్కడే ఉంటుంది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దాన్నొదిలేసి నేనెక్కడికి పోను?"

నకగొమె ధర చెప్పబోయాడు. అప్పటికే ఆమె రికార్డు తిప్పి సూది ఆనించేసింది. పాట మొదలయ్యాక మాట్లాడకూడదు గదా, మింగేశాడు.