రెండుసార్లు తిప్పిన చిరునామా

మా పిన్ని పని ఎగ్గొట్టే మనిషని మా మేనేజరు సంతకం పెట్టి మరీ కాగితం ఇచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆస్పత్రి పాత భవనంలో రోగుల ఫైళ్లు చూసుకుంటున్న మనిషికి! కొత్త భవనం డాక్టర్లు నెల రోజుల్లో ఫైళ్ల కోసం నలభై మెయిళ్లు పంపారట, ఒక్కదానికీ జవాబు లేదట. ఫోనెత్తి ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. విచారణలో ఆమె సంజాయిషీ నచ్చకపోతే ఉద్యోగం పోయినట్టే.

"అన్నిటికీ రాశానే, ఒట్టు," అంది పిన్ని. పంపిన ప్రతి జవాబునూ తేదీ, టైముతో సహా నోటుపుస్తకంలో రాసుకోవడం ఆమె అలవాటు.

ఆ పుస్తకం చూపిస్తే మేనేజరు నవ్వాడు. "పుస్తకంలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. మీ పిన్ని కదా, వెనకేసుకొస్తావులే." నాకు ఒళ్లు మండిపోయింది.

ఆస్పత్రి మెయిళ్లు నడిపేది నేనే. పాత భవనానిది పాత మెయిలు, కొత్త భవనానిది కొత్తది. రెండూ ఉప్పూ నిప్పూ లాంటివి. పాతది చిరునామాలో భవనం పేరు ముందు పెడుతుంది, కొత్తది చివర పెడుతుంది. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం దాన్ని తిప్పి రాసి పంపుతుంది. పన్నెండేళ్లుగా బండి అలాగే నడిచింది.

పోయిన నెల మేనేజరు నాతో మాటైనా అనకుండా కొత్త భవనం మెయిలు సర్వరులోనూ అదే తిప్పే ప్రోగ్రాం పెట్టించాడు. ఇంకేముంది, పిన్ని జవాబు మీది చిరునామా ఒకసారి సరిగ్గా తిరిగి, రెండోసారి తిరగబడి, ఎవరిదీ కాకుండా పోతోంది. అలా దారి తప్పినవన్నీ ఒక పెట్టెలో పడతాయి. దాన్ని రోజూ తెరిచి చూడాల్సింది ఎవరనుకున్నారు? మేనేజరుగారే. నేను తెరిచేసరికి నలభై జవాబులూ అందులోనే ఉన్నాయి, పిన్ని పుస్తకంలో రాసుకున్న టైములతో సహా.

రెండో తిప్పుడు తీసేయడానికి పది నిమిషాలు పట్టింది.

"బాగైపోయిందిగా, ఇక ఆ పెట్టె ఖాళీ చేసెయ్," అన్నాడు మేనేజరు. పిన్ని మీద నేరం మోపిన మనిషే సాక్ష్యం చెరిపెయ్యమంటున్నాడు! ఖాళీ చెయ్యలేదు. నలభై జవాబులూ ప్రింటు తీసి విచారణ గదికి పట్టుకుపోయి, అవి ఎందుకు దారి తప్పాయో, ఏ పెట్టెలో పడి ఉన్నాయో చెప్పాను.

పెద్దాఫీసరు కాగితాలన్నీ తిరగేశారు. "సరేనమ్మా, ఈసారికి క్షమించి వదిలేస్తున్నాం," అన్నారు పిన్నితో.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"క్షమించడానికి నేనేం చేశానండీ? పని చెయ్యలేదని రాసిచ్చారు. చేశానని రాసివ్వండి."

ఆఫీసరు చూసిన చూపుకి మేనేజరు కాగితం లాక్కుని, 'పొరపాటు జరిగింది, ఈమె తప్పు లేదు' అని రాశాడు. పిన్ని అది రెండుసార్లు చదివి వెనక్కి తోసింది.

"నలభై మంది రోగుల ఫైళ్లు ఆగిపోయాయి బాబూ. ఎవరి వల్లో రాయలేదు. అదీ రాయండి."