స్టేషన్ మాస్టరుగారి నీడకి స్నానం

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేయవచ్చు. ఈమధ్య పొయ్యి మీద నీళ్లు పెట్టిన సంగతే గుర్తుండటం లేదు. అయినా జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మా ఫుసాయె అక్క పొద్దున్నే లేచి గంజన్నం వండి, ఉప్పులో ఊరేసిన పుల్లపండు అందులో చిదిమి, బావగారికి చెంచాతో తినిపిస్తుంది. తోకుజిరో బావగారు మా కురెహమా స్టేషన్‌లో మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆ రోజు నుంచి ఆయన నీడ కూడా మంచం పట్టింది. దిండ్లు ఆనించి ఆయన్ని కూర్చోబెట్టినా, నీడ మాత్రం చాప మీద ఒరిగి పడుకునే ఉంటుంది. అక్క ఆయనకి దుప్పటి కప్పి, నీడకి పలచటి తువ్వాలు కప్పుతుంది. వచ్చేపోయేవాళ్లు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తారు.

ఇబ్బంది నీడతో కాదు, బావగారి మర్యాదతో. ఇంట్లో రోగి ఉంటే టౌను ఆఫీసు మనిషి వచ్చి చూసి, ఎంత చేతకాకపోతే అంత పెద్ద గ్రేడు వేస్తాడు. గ్రేడు పెద్దదైతే నర్సుకీ, స్నానం చేయించేవాళ్లకీ అయ్యే ఖర్చు చాలావరకు ఆఫీసే పెట్టుకుంటుంది. మా ముసలివాళ్లందరూ చేసే తప్పే బావగారూ చేశారు. పరాయివాళ్ల ముందు నలతగా కనబడటం ఆయనకి నామోషీ. కిందటేడు ఆ మనిషి వస్తే గడ్డం గీయించుకుని, కోటు తొడిగించుకుని, స్తంభం పట్టుకుని లేచి, ఎడంచేత్తో తానే టీ అందించారు. పెళ్లయినప్పటినుంచి అక్కకి ఒక్క కప్పు టీ ఇచ్చిన పాపాన పోలేదు. ఆరోజు మబ్బు పట్టి నీడ కనబడలేదు. వచ్చినవాడు తెగ మెచ్చుకుని, చిన్న గ్రేడు వేసి పోయాడు. బావగారు వారం దాకా మళ్లీ కదల్లేదు.

ఖర్చంతా సొంతంగా భరిస్తుంటే దాచుకున్నది కరిగిపోయింది. ఆయన్ని ఎత్తీ దించీ అక్క నడుము వంగిపోయింది. ఈసారి కూడా చిన్న గ్రేడే వస్తే అవతలి దీవిలోని వృద్ధుల ఆసుపత్రికి పంపక తప్పదని కూతురు చినాత్సు కళ్లొత్తుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని తల్లీకూతుళ్లు బతిమాలారు. ఆయన సరేనన్నారు.

ఈసారి ఆఫీసు నుంచి మినెగిషి అనే అమ్మాయి వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూర్చోగానే బావగారి వెన్ను నిటారైంది. నడవగలరా అని అడిగితే, రోజూ స్టేషన్ దాకా వెళ్లొస్తానన్నారు. స్నానం సంగతి అడిగితే, తన వీపే కాదు, పెళ్లాం వీపు కూడా తానే రుద్దుతానన్నారు. అక్క ముఖం కందగడ్డయింది. పరాయి మనిషి ముందు మొగుడి మాట కాదనడం ఆమెకి చేతకాదు. చినాత్సు నోరు తెరవబోతే ఆయన గుడ్లురిమారు.

అంతలో వసారాలోంచి ఎండ లోపలికి వచ్చింది. నీడ చాప మీద ముడుచుకుని ఉంది. మినెగిషి కాసేపు చూసి, అటు తిరిగి, తల వంచి నమస్కరించి దాన్నే అడిగింది.

"మీ అంతట మీరు లేవగలరా అండీ?"

నీడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"వాడి మాట నమ్మకండి," అన్నారు బావగారు. "మొదటినుంచీ బద్ధకస్తుడు."

"మీకేం మాస్టరుగారూ, గుండ్రాయిలా ఉన్నారు," అంది మినెగిషి. "గ్రేడు ఆయనకి వేస్తాను. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండాలి మరి."

బావగారు ఆలోచించారు. "ఉంటాలెండి. వాణ్ణి ఎవరో ఒకరు చూసుకోవాలిగా."

పెద్ద గ్రేడే వచ్చింది. అవతలి దీవి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ముగ్గురు మనుషులు తొట్టి మోసుకొచ్చి, గదిలోనే వేడినీళ్లు నింపుతారు. నీడ ఒంటరిగా దిగడానికి జంకుతుందని బావగారు కూడా దిగుతారు. మెడదాకా నీళ్లలో ఉండి అజమాయిషీ చేస్తారు.

"వీపు గట్టిగా రుద్దండమ్మా వాడికి. పాపం, అడగడానికి మొహమాటం."

ఆ కాసేపూ అక్క మా ఇంటికొచ్చి, కాళ్లు చాపుకుని టీ తాగుతుంది.

చినాత్సూ, నేను రాసినదాంట్లో పేర్లు ఓసారి సరిచూడవే. ఆ పిల్ల మినెగిషేనా, మినెకావానా? మీ నాన్నని మాత్రం అడక్కు. ఆయనకేం, అన్నీ గుర్తున్నాయనే అంటారు.